మత్తడి ఎత్తు తెలిసినంకనే ఇంటి జాగ: చెరువులు, వాగుల పక్కన కట్టడాల నిబంధనలపై ప్రసంగ పాఠం

అందరికీ నమస్కారం. ఇంత ఎండలో వచ్చి కూర్చున్నరు, చాలా సంతోషం. ప్లాటు కాగితాలు, ఊరి నక్ష నకలు తెచ్చుకున్నవాళ్లు పక్కన పెట్టుకోండి, చివర్ల వాటితో పని ఉంటది.

మన నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి వైపు ఇంటి జాగ చూసుకునేది ఎక్కువగా ఎండాకాలమే. అప్పుడు చెరువుల నీళ్లుండవు. నేల పగుళ్లు బారి, తుమ్మచెట్లు మొలిచి, బీడు లెక్క కనబడతది. ‘ఇరవై ఏండ్ల నుంచి ఈ చెరువు నిండిందే లేదు’ అని ఊరివాళ్లే చెప్తరు. వాళ్లు చెప్పేది అబద్ధం కాదు, అప్పటి మాట. 2015లో మిషన్ కాకతీయ మొదలై పూడిక తీసిన్రు. నల్లగొండ వైపు మాధవరెడ్డి ప్రాజెక్టు నీళ్లు, పాలమూరు వైపు కల్వకుర్తి, భీమా, నెట్టెంపాడు ఎత్తిపోతల నీళ్లు చెరువులకు మళ్లినయి. ఏండ్ల తరబడి ఎండిన చెరువు ఇప్పుడు ఆగస్టు నాటికే నిండుతున్నది. పాత జ్ఞాపకం మీద జాగ కొంటే మునుగుడే.

చెరువు హద్దు ఎక్కడిదాకా అన్నది మాటలతోని తేలేది కాదు. దాన్ని తేల్చేది మత్తడి. కొన్ని చోట్ల అలుగు అంటరు, మనం మత్తడి అంటం. మత్తడి పైఅంచు ఎంత ఎత్తుల ఉన్నదో, చెరువుల నీళ్లు అంత ఎత్తుదాకా నిలుస్తయి. అది దాటితే దుంకుతయి. ఆ పైఅంచు ఎత్తునే పూర్తి నీటి మట్టం అంటరు, ఆఫీసుల్లో ఎఫ్‌టీఎల్ అని రాస్తరు. అదే ఎత్తును పట్టుకొని చెరువు చుట్టూ నేల మీద గీత గీసుకుంట పోతే వచ్చేది ఎఫ్‌టీఎల్ హద్దు. ఆ గీత లోపలిదంతా చెరువే, ఎండినా చెరువే.

ఇక నిబంధన. 2012 ఏప్రిల్ 7న వచ్చిన జీవో 168, అంటే భవన నిర్మాణ నిబంధనలు, మూడో నిబంధన చూడండి. మున్సిపాలిటీలకు, పట్టణాభివృద్ధి సంస్థల పరిధికి, మాస్టర్ ప్లాన్ కిందికి వచ్చే పంచాయతీలకు ఇది వర్తిస్తది. ఎఫ్‌టీఎల్ లోపల, శిఖం భూముల్లో, అంటే చెరువు నీళ్లు నిలిచే భూముల్లో, వాగు నడుమ ఏ కట్టడమూ కుదరదు. ఎఫ్‌టీఎల్ హద్దు అవతల బఫర్. చెరువు విస్తీర్ణం 10 హెక్టార్లు, అంటే సుమారు 25 ఎకరాలు, అంతకు మించితే 30 మీటర్లు వదలాలె. 10 హెక్టార్లలోపు చెరువుకు, కుంటకు 9 మీటర్లు. కాలువ, వాగు, నాలా, వాననీటి మోరీ వెడల్పు 10 మీటర్లు దాటితే హద్దు నుంచి 9 మీటర్లు, 10 మీటర్లలోపైతే 2 మీటర్లు. నదికైతే మున్సిపల్ హద్దుల లోపల 50 మీటర్లు, బయట 100 మీటర్లు. గజాల లెక్క అలవాటున్నవాళ్లకు: 30 మీటర్లు అంటే దగ్గర దగ్గర 33 గజాలు, 9 మీటర్లు అంటే 10 గజాలకు కొంచెం తక్కువ.

ఇక్కడ మేస్త్రీలు, డిజైన్ గీసేవాళ్లు చేసే పొరపాటు ఒకటున్నది. బఫర్‌ను సెట్‌బ్యాక్, అంటే ప్లాటు హద్దుకూ ఇంటి గోడకూ నడుమ వదలాల్సిన ఖాళీ, లోపల కలిపేస్తరు. అది కుదరదు. బఫర్ భూమి లేఅవుట్‌ల వదలాల్సిన ఖాళీ జాగ కింద లెక్కకు రావచ్చు గానీ, సెట్‌బ్యాక్ కింద రాదు. 30 అడుగులు, 60 అడుగుల 200 గజాల ప్లాటు తీసుకోండి, వెనక నాలా ఉన్నదనుకుందాం. లోతు 18.3 మీటర్లు. ముందర 1.5 మీటర్లు, వెనక 1 మీటరు సెట్‌బ్యాక్ పోతది. నాలా 10 మీటర్లలోపైతే ఇంకో 2 మీటర్లు పోయి 13.8 మీటర్లు మిగులుతది, ఇల్లు పడతది. అదే నాలా 11 మీటర్లుంటే 9 మీటర్లు పోయి 6.8 మీటర్లే మిగులుతది. ఒక్క మీటరు నాలా వెడల్పు ఇంటి లోతులో 7 మీటర్లు తింటది. అందుకే నాలా వెడల్పు ఇప్పుడు కంటికి కనిపించేది కాదు, నక్షల ఉన్నది చూడాలె. పక్కోళ్లు మట్టి పోసి 5 మీటర్లకు కుదించిన నాలా, నక్షల 12 మీటర్లుంటే, మీకు వర్తించేది 12 మీటర్ల నిబంధన.

ఇప్పుడు నేను అసలు చెప్పదలుచుకున్న మాట. నిబంధన దూరాన్ని కొలుస్తది, నీళ్లు ఎత్తును కొలుస్తయి. ఈ రెంటి నడుమ ఉన్న తేడాలోనే ఇండ్లు మునుగుతున్నయి.

మత్తడి దుంకుతున్నప్పుడు నీళ్లు దాని పైఅంచుతో సమానంగ ఉండవు, దాని మీద ఇంకింత ఎత్తుల పారుతయి. 20 మీటర్ల పొడవున్న మత్తడి మీద 60 సెంటీమీటర్ల ఎత్తున నీళ్లు పారితే సెకనుకు దాదాపు 16 ఘనమీటర్లు బయటికి పోతయి. అంటే వరద రోజు చెరువుల నీళ్లు ఎఫ్‌టీఎల్ కంటే 60 సెంటీమీటర్లు పైన ఉంటయి. దాన్నే గరిష్ఠ నీటి మట్టం అంటరు. మన నేల వాలు చెరువు ఎగువ దిక్కున చాలా తక్కువ. 100 మీటర్లకు ఒక మీటరు వాలుంటే, ఆ 60 సెంటీమీటర్లు ఎఫ్‌టీఎల్ గీత దాటి 60 మీటర్లు పరుచుకుంటయి. 200 మీటర్లకు ఒక మీటరైతే 120 మీటర్లు. మీరు వదిలింది 30. అనుమతి సరిగ్గనే ఉన్నది, బఫర్ సరిగ్గనే వదిలిన్రు, ఇంట్ల మాత్రం మోకాలు లోతు నీళ్లు. ఇందుల అధికారి తప్పు గానీ, ఇంటాయన తప్పు గానీ లేదు. గీతలు ఆగే చోట నీళ్లు ఆగవు, అంతే.

ఇంకొకటి. ఆ మత్తడిని సగం మూసి 10 మీటర్లు చేసిన్రనుకోండి. రోడ్డు కోసమో, చేపలు పోకుండనో రాళ్లు, బస్తాలు పెడతరు. అదే వరద పోవాలంటే 60 సెంటీమీటర్లు సరిపోవు, 95 కావాలె. 35 సెంటీమీటర్లు పెరిగినట్టు. 100కు ఒకటి వాలు మీద అది ఇంకో 35 మీటర్ల లోపలికి వస్తది. మత్తడి మీద పెట్టిన ఒక వరుస ఇసుక బస్తాలు చెరువు అవతలి ఒడ్డున ఒక వీధి ఇండ్లను ముంచగలవు.

దీనికి తలకిందుల పని కూడా చేస్తరు. మత్తడిని కొంత పగలగొట్టి, రాళ్లు పీకి కిందికి దించుతరు. 100కు ఒకటి వాలు మీద 30 సెంటీమీటర్లు దించితే 30 మీటర్ల శిఖం ఎండిపోతది. అది చూపించి ప్లాట్లు చేసి అమ్ముతరు. రేపు సాగునీటి శాఖ మరమ్మతు చేసి పాత ఎత్తు నిలబెట్టిన నాడు ఆ ప్లాట్లన్నీ నీళ్లల్ల ఉంటయి. కాబట్టి మత్తడి దగ్గరికి పోయి స్వయంగా చూడండి. పైఅంచు అంతటా ఒకే తీరుగ ఉన్నదా? నడుమల గండి కొట్టిన ఆనవాలు ఉన్నదా? పాత రాతి కట్టు మీద కొత్త సిమెంటు రంగు ఎక్కడన్న కనబడుతున్నదా? గోడకు నీళ్ల మరక ఏ ఎత్తుల ఉన్నది? మరక పైన, అంచు కింద అయితే ఏదో మారింది. అనుమానం వస్తే సాగునీటి శాఖల ఆ చెరువు మెమోయిర్ అడగండి. ప్రతి చెరువుకూ ఒకటి రాసిపెట్టి ఉండాలె. కట్ట పొడవు, మత్తడి పొడవు, ఎఫ్‌టీఎల్, విస్తీర్ణం, ఆయకట్టు అన్నీ అందులో ఉంటయి.

మీ ప్లాటు ఎత్తు ఎట్ల తెలుస్తది? మేస్త్రీ దగ్గర ఉండే నీళ్ల పైపు లెవెల్ పునాదికి పనికొస్తది గానీ, 300 మీటర్ల దూరానికి నమ్మకం లేదు, మోసిన కొద్దీ తప్పు పెరుగుతది. లెవెల్ మిషను ఉన్న సర్వేయర్‌ను ఒక పూటకు పిలుచుకోండి. స్టాఫ్‌ను, అంటే అంకెలు గీసిన కొలత కర్రను, ముందుగాల మత్తడి పైఅంచు మీద నిలబెట్టాలె. రీడింగ్ 1.85 వచ్చిందనుకోండి. తర్వాత ప్లాటు మధ్యల నిలబెడితే 1.40 వచ్చింది. అంటే ప్లాటు మత్తడి కంటే 45 సెంటీమీటర్లు పైన ఉన్నట్టు. దూరం ఎక్కువైతే మిషను నాలుగైదు సార్లు మార్చాలె, ప్రతి మార్పుకూ వెనక రీడింగ్, ముందు రీడింగ్ రెండూ రాసుకోవాలె. చివరికి మళ్లీ మత్తడి దగ్గరికి తిరిగొచ్చి, లెక్క కడితే మత్తడి ఎత్తు మొదటిదే వస్తున్నదో లేదో చూడాలె. రాకపోతే మధ్యల ఎక్కడో తప్పు పోయింది. ఇప్పుడు ఆ 45 చూడండి. 100కు ఒకటి వాలు మీద ప్లాటు ఎఫ్‌టీఎల్ గీతకు 45 మీటర్ల దూరంల ఉంటది. బఫర్ దాటింది, అనుమతికి అడ్డం లేదు. గరిష్ఠ మట్టం 60. అంటే వరద నాడు ప్లాటు మీద 15 సెంటీమీటర్ల నీళ్లు. వాగు చెరువుల పడే దిక్కున ఇంకా ఎక్కువ, ఎందుకంటే వచ్చే ప్రవాహం అక్కడ నీటిని ఎగదన్నుతది.

ఇల్లు అక్కడనే కట్టక తప్పదంటే నా సలహా ఇది: ఇంటి లోపలి గచ్చు గరిష్ఠ మట్టానికి కనీసం 60 సెంటీమీటర్లు పైన ఉండాలె. పై ఉదాహరణల అది నేల నుంచి 75 సెంటీమీటర్లు. శిఖానికి దగ్గర నేల నల్లమట్టి, ఒండ్రు. వానకు ఉబ్బుతది, ఎండకు కుంచుకుంటది. పునాదిని ఆ పొరల ఆపకుండ, కింద గట్టి మొరం తగిలేదాకా తీసుకపోవాలె. మొరం పోసి ఎత్తు చేస్తే 20 సెంటీమీటర్ల పొరకు మించకుండ, తడిపి, రోలరు తిప్పి పోయాలె. టిప్పర్లు తెచ్చి ఒక్కసారి మీటరు ఎత్తున గుమ్మరించిన మొరం తర్వాతి రెండు వానాకాలాల్లో కూర్చుంటది, గోడలు మూలల దగ్గర ఏటవాలుగ పగుల్తయి. సెల్లారు వద్దే వద్దు. సెప్టిక్ ట్యాంకు మూత కూడా గరిష్ఠ మట్టానికి పైనే ఉండాలె, లేకుంటే చెరువు నిండిన నాడు మరుగుదొడ్డి నుంచి నీళ్లు ఎనక్కి తంతయి.

ఇక కాగితాలు. ఇక్కడే జనం బాగా మోసపోతున్నరు.

మొదటిది, నాలా అనే మాట. వ్యవసాయ భూమిని ఇండ్ల జాగగ మార్చే పనిని మనం ‘నాలా’ అంటం. నీళ్లు పారే మోరీనీ ‘నాలా’ అంటం. ‘నాలా క్లియర్ ఉంది’ అని అమ్మేటాయన అంటే, కొనేటాయన వాన నాలా గురించి అనుకొని నిమ్మలపడతడు. అది భూమి మార్పిడి పత్రం మాత్రమే. దానికీ ఎఫ్‌టీఎల్‌కూ సంబంధం లేదు. ఏ నాలా అని నిలదీసి అడగండి.

రెండోది, శిఖం పట్టా. చెరువు లోపలి భూమికి పట్టా ఉండదనుకుంటరు, చాలా చోట్ల ఉంటది. నీళ్లు తగ్గినంక పంట వేసుకోను పాత కాలం నుంచి వస్తున్న హక్కు అది. రైతుకు ఆ హక్కు నిజమైనదే, దాన్ని చిన్నచూపు చూడొద్దు. కానీ అది సాగు హక్కు, ఇల్లు కట్టే హక్కు కాదు. పాస్‌బుక్ ఉంది, రిజిస్ట్రేషన్ అయింది, బ్యాంకు కూడా అప్పు ఇచ్చింది అంటరు. ఈ మూడింటిలో ఏదీ ఎఫ్‌టీఎల్ గీతను జరపలేదు.

మూడోది, ఎల్‌ఆర్‌ఎస్, అంటే లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకం. 2020 ఆగస్టు 26 నాటికి వేసిన అక్రమ లేఅవుట్‌లకు క్రమబద్ధీకరణ ఇచ్చిన్రు. కానీ ఎఫ్‌టీఎల్‌ల, శిఖంల ఉన్న ప్లాట్లను అదే నిబంధనలు బయట పెట్టినయి. దరఖాస్తు రుసుం రసీదు పట్టుకొని అమ్మేవాళ్లున్నరు. రసీదు అనుమతి కాదు.

నాలుగోది, స్వీయ ధ్రువీకరణ. 2020 టీఎస్‌-బీపాస్ చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లలోపు ప్లాటు, 10 మీటర్లలోపు ఎత్తు ఇంటికి యజమాని తానే ధ్రువీకరించి అనుమతి వెంటనే తీసుకోవచ్చు. మంచి సౌకర్యం. కానీ ఆ కాగితం వచ్చిందంటే అధికారి వచ్చి నేల చూసిపోయిండని కాదు. చూసుడు తర్వాత ఉంటది. తప్పు ధ్రువీకరణ అని తేలితే నోటీసు లేకుండ కూల్చే అధికారం అదే చట్టంల ఉన్నది. సంతకం పెట్టేది మీరు, బాధ్యతా మీదే.

మరి ఏం చూడాలె? ముందు ఊరి నక్ష నకలు, ఆ సర్వే నంబరు టీపన్, అంటే దాని కొలతల పటం, తీయించండి. తర్వాత పాత భూమి రికార్డులు: తొలి సర్వే నాటి సేత్వార్, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. ఆ సర్వే నంబరుకు ‘శిఖం’ అనో, చెరువు పేరో, కుంట పేరో ఎక్కడన్న రాసి ఉన్నదేమో వెతకండి. ధరణి, ఇప్పటి భూభారతి రికార్డుల పట్టా అని కనబడినా పాత పహాణీల శిఖం అని ఉంటే అక్కడనే ఆగండి. ఒక సర్వే నంబరు పది బై నంబర్లుగ చీలినప్పుడు శిఖం అన్న మాట కొన్నింట్లకెల్లి జారిపోతది, అందుకే చీలకముందు కాగితం కావాలె. ఆ తర్వాత సాగునీటి శాఖ, రెవెన్యూ శాఖ రెండూ కలిసి కొలిచి ఇచ్చే నిరభ్యంతర పత్రం. ఒక్క శాఖ సంతకంతో సరిపెట్టుకోవద్దు. రెవెన్యూ వాళ్లకు సర్వే నంబరు తెలుస్తది, సాగునీటి వాళ్లకు మట్టం తెలుస్తది. పత్రానికి నక్ష జతచేసి, ఎఫ్‌టీఎల్ గీత నుంచి ప్లాటు ఎన్ని మీటర్లో అంకెల్లో ఉండాలె. ‘చెరువుకు దూరంగా ఉన్నది’ అన్న వాక్యానికి విలువ లేదు. 2025 మార్చిలో హెచ్‌ఎండీఏ, అంటే హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, పరిధి పెరిగి నల్లగొండ, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్ జిల్లాల కొన్ని గ్రామాలు అందులో కలిసినయి. ఆ ఊళ్లవాళ్లు తమ చెరువుకు ఎఫ్‌టీఎల్ ప్రాథమిక నోటిఫికేషనే వచ్చిందా, తుది నోటిఫికేషన్ కూడా అయిందా అని అడగాలె. ప్రాథమిక దశల అభ్యంతరం చెప్పుకోవచ్చు. గీత తప్పు పడిందనిపిస్తే ఆ గడువులోనే లెవెల్ రీడింగులతో సహా రాసివ్వండి.

చిత్తడి నేలల నిబంధనలు, 2017వి, మనల్ని కాపాడతయని కొందరు అంటరు. గత పదేండ్ల సగటు వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల శాశ్వత కట్టడం కూడదని వాటిలో ఉన్నది, నిజమే. కానీ సాగునీటి కోసం, తాగునీటి కోసం మనుషులు కట్టిన జలాశయాలను అవే నిబంధనలు మినహాయించినయి. మన చెరువులు దాదాపు అన్నీ సాగు కోసం కట్టినవే, కందూరు చోడుల నాటి పానగల్లు ఉదయసముద్రం మొదలుకొని. 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఉపగ్రహ చిత్రాలతో గుర్తించిన 2,01,503 చిత్తడి నేలలను కాపాడాలని ఆదేశించింది, ఆ పట్టికల మీ చెరువు ఉన్నదా అని చూసుకోవచ్చు. అయినా మనకు రోజువారీ పనికొచ్చేవి జీవో 168, 1357 ఫసలీ (నిజాం కాలపు ఏడాది లెక్క) నాటి తెలంగాణ సాగునీటి చట్టం, నీరు, భూమి, చెట్ల రక్షణకు వచ్చిన 2002 వాల్టా చట్టమే.

నదుల సంగతి వేరు. 2009 అక్టోబర్ మొదట్ల కృష్ణా, తుంగభద్ర పొంగినప్పుడు అలంపూర్ ఎట్ల మునిగిందో మీకు గుర్తుంది. నదికి మత్తడి లేదు, ఒక స్థిరమైన మట్టం లేదు. అందుకే 50 మీటర్లు, 100 మీటర్లు అన్న గీత నది విషయంల ఇంకా బలహీనం. వరద మైదానాలను మండలాలుగ విభజించే నమూనా చట్టాన్ని కేంద్రం 1975లోనే రాష్ట్రాలకు పంపింది. మన దగ్గర అట్లాంటి చట్టం రాలేదు. రావాలె, గట్టిగ అడగాలె. అందులో పద్ధతి మంచిది: ఆసుపత్రులు, కరెంటు సబ్‌స్టేషన్ల వంటివి వందేండ్లకోసారి వచ్చే వరద మట్టానికి పైన, ఇండ్లు, ఆఫీసులు 25 ఏండ్ల వరదకు పైన, ఆటస్థలాలు, పార్కులు దిగువన. వందేండ్ల వరద అంటే ఇంకా వందేండ్లకు వస్తదని కాదు. ప్రతి ఏడూ నూటికి ఒక వంతు అవకాశం. 20 ఏండ్ల ఇంటి అప్పు తీరేలోపు అది వచ్చే అవకాశం నూటికి 18. 25 ఏండ్ల వరదైతే నూటికి 56, సగానికి మించి. మూసీ, డిండి, హాలియా వాగు, పెద్దవాగు ఒడ్డున ఫాంహౌస్ ప్లాట్లు కొనేటోళ్లు ఈ లెక్క వేసుకోవాలె.

చివరిది నాలాలు. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 వానలకు కోదాడల వీధుల్లో కార్లు కొట్టుకపోయినయి. మహబూబ్‌నగర్‌ల పెద్దచెరువు దిగువన రామయ్యబౌలి, బీకేరెడ్డి కాలనీ గట్టి వాన పడ్డప్పుడల్లా నీళ్లల్ల ఉంటున్నయి. ఆగిపోయిన నాలా ఎంత నీటిని ఆపుతదో లెక్క చెప్తా. 6 మీటర్ల వెడల్పు, మీటరున్నర లోతు నాలా సెకనుకు మీటరున్నర వేగంతో పారితే 13.5 ఘనమీటర్లు పోతయి. కాలనీకి దారి కోసం అందుల మీటరు వ్యాసం సిమెంటు పైపులు రెండు వేసి పైన మట్టి పోస్తరు. అవి నిండుగ పారినా, వేగం కొంచెం పెరిగినా 3 ఘనమీటర్లే. ఒక తుమ్మకొమ్మ, నాలుగు ప్లాస్టిక్ సంచులు అడ్డం పడితే అదీ లేదు. మిగతా 10 ఘనమీటర్లు వీధి పట్టుకొని పోతయి. నాలా మీద దారి కావాలంటే నాలా అసలు వెడల్పు, అసలు లోతు తగ్గకుండ స్లాబు కల్వర్టు కట్టాలె, పైపులు కాదు.

ఎగువన కూడా మార్పు వచ్చింది. 100 హెక్టార్ల చెలక మీద గంటకు 50 మిల్లీమీటర్ల వాన పడితే దిగువకు సెకనుకు 4 ఘనమీటర్లు వచ్చేవి. అదే చెలక సీసీ రోడ్లు, డాబాలు అయితే 9 దాటుతయి. వాన పెరగలేదు, నాలా వెడల్పు పెరగలేదు, నీళ్లు రెండింతలైనయి. లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడు లోపలి రోడ్ల వెడల్పు అడుగుతరు గానీ, వాననీళ్లు ఏ నాలాల కలుస్తయి, ఆ నాలాకు అంత తాహతు ఉన్నదా అని అడిగేది తక్కువ. వార్డు సభ్యులు, కౌన్సిలర్లు వచ్చిన్రు కదా, ఈ ప్రశ్న మీరు అడగాలె.

కట్ట కింద ప్లాట్ల గురించి ఒక్క మాట. అవి ఎఫ్‌టీఎల్‌ల రావు, ఆయకట్టుల వస్తయి. కానీ మత్తడి దుంకిన నీళ్లు పోయే తోవ, కట్ట తెగితే నీళ్లు పోయే తోవ రెండూ అవే. వనపర్తి జిల్లా సరళాసాగర్ కట్ట 2019 డిసెంబర్ 31న తెగింది, వానాకాలంల కాదు. కట్ట కింద కొనాలనుకుంటే మత్తడి కాలువ ఎటు పోతున్నదో కాలినడకన మొత్తం తిరిగి, కింది చెరువుల కలిసేదాకా చూడండి. మధ్యల ఎక్కడ ప్రహరీ గోడ అడ్డం వచ్చిందో, అక్కడ నీళ్లు మళ్లే దిక్కున మీ ప్లాటు ఉండొద్దు.

మే నెలాఖరుకు, తొలకరికి ముందు, ప్రతి కాలనీవాళ్లు మీ మత్తడి, మీ నాలా ఫొటోలు తేదీతో సహా తీసిపెట్టుకోండి. మత్తడి మీద బస్తాలు, నాలాల పైపులు, మట్టి కుప్పలు ఉంటే సాగునీటి శాఖ ఏఈకి (అసిస్టెంట్ ఇంజినీర్‌కు), మున్సిపల్ కమిషనర్‌కు లేదా పంచాయతీ కార్యదర్శికి రాతపూర్వకంగ ఇచ్చి రసీదు తీసుకోండి. నోటిమాటగ చెప్పింది రికార్డుల ఉండదు.

ఇప్పుడు తెచ్చిన నక్షలు టేబుల్ మీద పరవండి. ముందుగాల మత్తడి ఎక్కడున్నదో గుర్తు పెట్టుకొని, అక్కడ్నించి ఒక్కొక్కరి సర్వే నంబరు చూద్దాం.